మంచె మీది అలారం వాచీ

ఈమధ్య ఖమ్మంలో పాత వాచీలు పోగుచేసే మిత్రులం కలిసినప్పుడు, ఒకాయన నా పెట్టెలోంచి కీ ఇచ్చే అలారం చేతివాచీ తీసి, దాని కథ మళ్ళీ చెప్పమన్నాడు. భద్రాచలం వైపు అడవిలో ఒక పెద్దాయన ముచ్చటపడి నా చేతికి కట్టాడని ఇన్నేళ్ళూ చెప్పుకుని మెప్పు పొందిన నేను, ఆయనకు పుట్టుచెవుడన్న సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

అప్పుడు నాకు విత్తనాల కంపెనీలో కొత్త ఉద్యోగం. బోనకల్, మధిర పొలాల నుంచి అడవి అంచు గూడేల దాకా బండి మీద తిరిగేవాణ్ణి, వెళ్ళిన చోటల్లా మనుషుల మొహాల కన్నా ముందు మణికట్లు చూసేవాణ్ణి. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పొద్దున్నే వాచీకి కీ ఇవ్వడం అప్పట్లో మొహం కడుక్కోవడమంత మామూలు పని. ఒక గూడెంలో ఆ పెద్దాయన చేతికి రెండు కీల వాచీ కనబడింది, ఒకటి టైముకు, ఒకటి అలారానికి. ఎప్పుడో సర్వేకు వచ్చిన ఆఫీసరుకు వండిపెట్టినందుకు దక్కిందట. అలారం మోగినప్పుడు అది గుప్పిట్లో ఇరుక్కున్న తుమ్మెదలా చర్మం మీద గిలగిలలాడేది. వినపడని మనిషికి ఆ వణుకే పిలుపు. పందులు దిగే వేళకు అలారం పెట్టుకుని, మంచె మీద కునుకు తీసి, అది వణకగానే లేచి డబ్బా కొట్టి జొన్నచేను కాపాడుకునేవాడు.

ఇదంతా ఆయన కూతురే మురిసిపోతూ చెప్పింది. అంతా విని, నా చేతికున్న బ్యాటరీ వాచీ మోగించి చూపించాను, మార్చుకుందామన్నాను.

"మా అయ్యకు ఇది ఎట్ల తెలుస్తది సారూ?" అందామె అనుమానంగా.

"అలవాటైతే తెలుస్తదిలే. దీనికి కీ ఇచ్చే పని గూడ లేదు."

అది మోగుతుందే తప్ప వణకదని, ఆయనకు తెలియదని నాకు తెలుసు. పెద్దాయన మాత్రం దాని మెరుపు చూసి నవ్వుతూ చెయ్యి చాపాడు. పాతది విప్పుకుని, దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను.

ఆ ఏడే మిరప కోతలప్పుడు బోనకల్ దగ్గర ఒక చేలో, కూలీల మధ్య ఆ తండ్రీకూతుళ్ళు కనబడ్డారు.

"పందులు చేనంత నాకి పోయినయ్ సారూ. నువ్విచ్చిన వాచీ మొత్తుకుంటనే ఉన్నదంట. పక్క చేనోళ్ళు లేచిండ్రు, మా అయ్య లేవలే."

"ఇంకా అలవాటు కాలేదేమో," అని నవ్వేసి బండి ఎక్కాను.

ఇప్పుడు ఆ గూడెం దాకా సిమెంటు రోడ్డు పడింది, అందరి చేతుల్లోనూ ఫోన్లే, కీ ఇచ్చే వాచీ అంటే పిల్లలకు తెలియదు. మొన్న ఆ వాచీ తీసుకుని వెళ్ళాను. బాగా వంగిపోయిన పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"ఇంకెందుకు సారూ? ఆ ఏడు అప్పుకింద కౌలుకు పోయిన చేను మల్ల మా చేతికి రాలే," అంది కూతురు.

క్షమించమని ఆయనకు ఎలా తెలియజెయ్యాలో తోచక, రెండు చెవులూ పట్టుకుని ఆయన ముందు వంగాను. ఆయన మొహం పాలిపోయింది. కూతురు వచ్చి నా చేతులు లాగేసింది.

"గట్ల చెయ్యకు సారూ. చెవిటోడని పోరలు గట్లనే ఎక్కిరిస్తరు."

నేల మీద కూలబడి, తప్పయిందమ్మా, తెలిసే చేశానని ఆమెకే చెప్పాను. ఆమె ఆ మాట తండ్రికి సైగ చెయ్యలేదు.