మోక పెళ్లి డిస్కులో ముఖం

వీసీడీలు పోయి డీవీడీలు ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో నన్ను మా టీవీ కంపెనీవాళ్లు బళ్లారి సర్వీస్ సెంటర్‌కు సీనియర్ ఇంజినీరుగా బదిలీ చేశారు. చేరిన కొన్నాళ్లకే పోలీసు పని ఒకటి నా మీద పడింది.

బళ్లారి దగ్గరి మోక ఊళ్లో ఒక లారీల యజమాని ఇంటి పెళ్లి ఊరేగింపులో గొడవ జరిగి, ఇనుప రాడ్డు దెబ్బకు ఒక మనిషి చనిపోయాడు. ఎస్సై ఆ పెళ్లి వీసీడీ తెచ్చాడు. దాంతోపాటు రూపనగుడి ట్రాక్టర్ డ్రైవర్ ఎర్రన్న ఫోటో బల్లమీద పెట్టి, రాడ్డు ఎత్తినవాడు ఇతనేనా చూడమన్నాడు. సెంటర్‌లోని పాత డబ్బా టీవీలో ఆపి ఆపి చూశాను. అతనిలాగే ఉన్నాడని రాసి సంతకం చేశాను. ఆ కాగితం, యజమాని మనిషి ఒకడు చెప్పిన సాక్ష్యం కలిసి ఎర్రన్నను జైలుకు పంపాయి.

కొన్ని నెలలకు ఎర్రన్న వకీలు ఆ వీసీడీకి మూలమైన పెళ్లి వీడియో కేసెట్ నుంచే చేసిన డీవీడీని పెళ్లికూతురు వాళ్ల దగ్గర సంపాదించాడు. రెండు డిస్కులూ పోల్చి చెప్పమని కోర్టు నాకే ఉత్తర్వు పంపింది.

వీసీడీ బొమ్మలో వివరం డీవీడీ బొమ్మలో పావు వంతు కూడా ఉండదు. దూరంగా ఉన్న ముఖం రెండు మూడు రంగు చదరాలకు కుదించుకుపోతుంది. డబ్బా టీవీ ఆ చదరాల అంచులను మెత్తగా కలిపేస్తుంది కాబట్టి అక్కడ ముఖం ఉన్నట్టే తోస్తుంది. కొత్త ఎల్‌సీడీ టీవీలో అదే వీసీడీ వేస్తే చదరాలు తప్ప ఏమీ మిగల్లేదు. డీవీడీ వేశాను. రాడ్డు పట్టినవాడికి సన్నని మీసం, చెవికి పోగు. ఎర్రన్న కాదు. అతను లారీల యజమాని తమ్ముడు. వాళ్లింట్లో టీవీ బిగించింది నేనే.

డిస్కు బయటికి తీయడానికి బటన్ రెండుసార్లు తప్పి నొక్కాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆ తమ్ముడే సెంటర్‌కు వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రెండు డిస్కులూ ఒందే, తేడా ఏమీ లేదని చెప్పెయ్ ఇంజినీరప్పా. ముందే రాసిచ్చిండావు కదా. మాట మార్చేది నీకు మర్యాద గాదు."

కోర్టు పని గురించి మాట్లాడకూడదన్నాను.

"మాట్లాడొద్దులే. నీ కూతురు టీచరమ్మ కదా, దినామూ కురుగోడు బస్సుకే పోతాంది. ఆ దోవన మా లార్లు తిరుగుతాండాయి. అంతే."

గొంతు పెంచలేదు. పోతూ పోతూ నమస్కారం కూడా పెట్టాడు. కోర్టు వాయిదా వరకూ కూతురి చేత బడికి సెలవు పెట్టించాను. కారణం అడిగితే జ్వరాలు తిరుగుతున్నాయన్నాను. వీధిలో లారీ ఆగిన చప్పుడైతే చేతిలోని పని ఆగిపోయేది.

కోర్టులో రెండు రకాల టీవీలూ పెట్టించమని అడిగాను. ఒక్కో డిస్కునూ రెండింటిలోనూ వేసి చూపించి, నా మొదటి అభిప్రాయం తప్పని, ఆ వీసీడీలో ఎవరినీ గుర్తుపట్టడం సాధ్యం కాదని, డీవీడీలో ఉన్నది ఎర్రన్న కాదని చెప్పాను. సర్కారు వకీలు లేచి, అయితే అతనెవరని అడిగాడు. వెనక బెంచీలో ఆ తమ్ముడు నన్నే చూస్తున్నాడు. నా పని బొమ్మ నాణ్యత చెప్పడం వరకేనని జవాబిచ్చాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఎర్రన్న విడుదలయ్యాడు. కోర్టు మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగాడు: "అది నేను గాదని మొదట చూసిన ఆ పొద్దే కనపల్లేదా అప్పా?" ఫోటో ముందు పెట్టుకుని చూశాను కాబట్టి నువ్వే కనపడ్డావన్నాను. తల ఊపి బస్టాండు వైపు పోయాడు. నా సర్వీసు ముగిసేదాకా ఆ తమ్ముడి మీద కేసు ఏదీ నడిచినట్టు నేను వినలేదు.

ఆ తర్వాత పోలీసులు ఎవరి ఫోటో తెచ్చినా, డిస్కు చూసేదాకా దాన్ని బోర్లా పెట్టించేవాణ్ని. ఇది ఇంజినీరుగా నేర్చుకున్నది. రెండోది, నా పని హద్దు చెప్పి నేను కోర్టులో తప్పించుకున్నాను. ఆ హద్దు నిజమే. దాని వెనక దాక్కున్నది భయం. సాక్ష్యానికి పోయే ప్రతి ఇంజినీరూ ఆ హద్దునూ ఈ భయాన్నీ విడివిడిగా చూసుకోవాలి. నేను ఆరోజు చూసుకోలేదు.