తనిఖీ కాగితంలో ఆరో వరుస

మా ఆయన అబద్ధం ఆడడు. పెళ్లయిన కొత్తలో ఈ మాట గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఫిర్యాదుగా చెబుతున్నాను.

ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగమంతా తనిఖీ విభాగంలోనే గడిచింది. తయారైన ప్రతి పెట్టెకూ ఒక కాగితం, కాగితంలో వరుసలు, వరుసకో టిక్కు, కింద సంతకం. తాను చూడని దానికి టిక్కు పెట్టడం ఆయన వల్ల కాదు. ముందే రిటైర్మెంట్ తీసుకుని చిలకలగూడ ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. గీజరు బిగించినా, వాటర్ ఫిల్టరు మార్చినా ముందు తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీస్తాడు. చూసి నవ్వుకునేదాన్ని. చదివి ఉండాల్సింది.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో పందొమ్మిదేళ్లు చరిత్ర చెప్పాను. ఆ తర్వాత కాలేజీకి చరిత్ర అక్కర్లేకపోయింది. గ్రూపు తీసేశారు, దాంతోపాటు నన్నూ తీసేశారు. రోజుకు నాలుగు గంటలు పాఠం చెప్పిన గొంతు మోండా మార్కెట్లో వంకాయల బేరానికి దిగింది.

మా అమ్మాయి పూణెలో ఉద్యోగానికి వెళ్తూ తన గేమ్ కన్సోల్ ఇక్కడే వదిలేసింది. దుమ్ము తుడుస్తూ ఒకరోజు ఆన్ చేశాను. అందులో రాజ్యం ఆట ఒకటి ఉంది. ఊళ్లు కట్టాలి, పన్నులు వేయాలి, కోటలు ముట్టడించాలి. మొదటి వారంలో ఆ ఆట తయారుచేసినవాళ్లకు చరిత్ర రాదని తేల్చాను. రెండో వారానికి దాన్ని వదల్లేని స్థితికొచ్చాను. ఆడుతున్నంతసేపూ ఆ రాజును తిడుతూనే ఉండేదాన్ని. పక్క గదిలోంచి మా ఆయన, "ఎవలతోని కొట్లాడుతున్నవే?" అనేవాడు.

"మీతోని కాదు, సంతోషించుండ్రి."

ఈ సంగతి ఫోన్లో నా పాత విద్యార్థిని ఒకామెకు చెప్పాను. ఇప్పుడు ఆమె కూడా టీచరే. "మేడమ్, గట్ల తిట్టుకుంటనే ఆడి లైవ్ పెట్టుండ్రి. మా బ్యాచోళ్లమంత చూస్తం. మల్ల మీ క్లాసుల కూసున్నట్టుంటది" అంది. ఆ రోజు పప్పు మాడిపోయింది. కాలేజీ మానేశాక నా మాట వింటామని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. లైవ్ ఒకసారి పోతుంది, రికార్డు చేసుకుంటే ఉంటుంది. రెండూ కావాలనుకున్నాను.

అమ్మాయిని అడిగితే ఫోన్లోనే చెప్పింది. కన్సోల్ నుంచి బొమ్మను లాక్కుని ల్యాప్‌టాప్‌కు ఇచ్చే చిన్న పెట్టె ఒకటి కావాలి. తీగ ఒకటి కన్సోల్ నుంచి ఆ పెట్టెకు, ఇంకొకటి పెట్టె నుంచి టీవీకి, మరొకటి ల్యాప్‌టాప్‌కు. అంతే. ఆ "అంతే" దగ్గర మా ఆయన రంగంలోకి దిగాడు. పెట్టె రాగానే నా చేతిలోంచి తీసుకున్నాడు. తీగలన్నిటికీ రెండు కొసలా చీటీలు అంటించాడు. జడ అల్లినట్టు తీగలను కట్టగట్టాడు. అన్నీ అయ్యాక ఆన్ చేస్తే టీవీలో రాజ్యం కనిపిస్తోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం నల్లటి తెర.

రెండు ఆదివారాలు ఆ నల్లతెరతోనే గడిచాయి. ఆయన తీగలు విప్పాడు, మళ్లీ కట్టాడు. తప్పు తీగల్లో లేదని నాకు అనుమానం. కన్సోల్ సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కో పేజీ చదివాను. బొమ్మను ఎవరూ కాపీ చేసుకోకుండా కన్సోల్‌లోనే ఒక తాళం ఉంటుంది, రికార్డు చేయాలంటే ముందు దాన్ని తీసేయాలి. తీసేశాను. ల్యాప్‌టాప్‌లో నా కోట వచ్చింది.

"వచ్చింది గద. నేను చెప్పిన, తీగలు గట్టిగ పెట్టాలెనని" అన్నాడు.

"తీగలు గాదు, తాళం. నేను తీసిన."

"అదే, రెండూ కావాలె" అన్నాడు. కాగితంలో మూడో వరుసకు టిక్కు పెట్టుకున్నాడు.

మాట రికార్డు కావడానికి వేరే మైకు కొనలేదు. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌లోనే, నడుమన, కింది అంచుకు దగ్గర్లో, సూదిమొనంత బెజ్జం ఉంటుంది. అదే మైకు. ఒకసారి మాట్లాడి చూస్తే నా గొంతు ఖంగున వచ్చింది.

ఇంతలో దసరా. ఆయుధపూజ నాడు, మాతోనే ఉండే మా అత్తమ్మ, ఇంట్లో స్విచ్చున్న ప్రతిదాన్నీ పీట మీదికి చేరుస్తుంది. మిక్సీ, కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, స్కూటరు తాళంచెవి. ఆ ఏడు నన్ను పిలిచి, "ఏందే పిల్లా, నీ ఆటది సుత తే. పొద్దంత దాంతోనే ఉంటవు గద" అంది. కోడలు ఆడే ఆటకు పూజ చేస్తానన్న అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది. నాకు కళ్లు చెమర్చిన మాట నిజం. కంట్రోలర్ తెచ్చి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకోకుండా, వేలితో తడిమి చూసి, నడుమ పసుపు గంధం బొట్టు దిట్టంగా పెట్టింది. దాని మీద కుంకుమ. పూజ బొట్టును వెంటనే తుడవకూడదు కదా, నేనూ తుడవలేదు. తడి గంధం ఆరి సున్నంలా బిగుసుకుంది.

శనివారం మా ఆయన ఆఖరి తనిఖీ చేశాడు. నేను వంటింట్లో ఉన్నాను. గంటసేపు ఏవో శబ్దాలు వినిపించాయి. "హలో, హలో" అని ఆయన గొంతు కూడా విన్నాను. బయటికొచ్చి, "ఇగ రేపు షురూ చేస్కో" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఆదివారం పొద్దున పదకొండింటికి మొదలుపెట్టాను. కామెంట్లు నా ఫోన్లో వస్తాయి. ఆడుతూ ఫోను చూడలేనని ఆయన చేతికిచ్చి, ఏమన్నా ఉంటే చెప్పమన్నాను. ఆ ఆటలో ఆఖరి ముట్టడి అది. కోట లోపల జనం, బయట సైన్యం. రాజు గుర్రాలకు గింజలు పెట్టి జనాన్ని పస్తుంచుతున్నాడు. రెండు గంటలు మాట్లాడాను. ముట్టడంటే కత్తులు కాదు, ధాన్యపు కొట్టు తాళం ఎవరి దగ్గర ఉందో చూడండి అన్నాను. గోడ కూలకముందే కోట పడిపోతుంది, గోడ కూలడం తర్వాత రాసుకునే కథ అన్నాను. పుస్తకాల్లో రాజు పేరుంటుంది, కొట్టు కాపలావాడి పేరుండదు, ఆ రాత్రి తాళం తీసింది వాడే కావచ్చు అన్నాను. ఇలాంటివి ముందు అనుకుని రాలేదు. నోట్లోంచి వస్తుంటే నేనే వింటున్నాను. పందొమ్మిదేళ్లలో అంత బాగా ఏ రోజూ చెప్పలేదు.

మధ్యలో ఒకసారి, "ఏమంటున్నరు?" అని అడిగాను.

ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "నడువనియ్యి, బొమ్మ మంచిగ పోతున్నది" అన్నాడు.

అయిపోయాక ఆడబిడ్డ ఫోన్ చేసింది. ఆమెది ఉప్పల్. "వదినె, ఎంత నిమ్మలంగ ఆడినవే. ఒక్క మాట గిట్ల లేదు. నాకైతే నిద్రొచ్చింది, గంత హాయిగున్నది."

రికార్డింగ్ పెట్టి చూశాను. గుర్రాలు సకిలిస్తున్నాయి. గోడలు కూలుతున్నాయి. నేను లేను. చెవి స్పీకరుకు ఆనించి వింటే అడుగున ఎక్కడో, దుప్పటి కింద పిల్లి కదిలినట్టు ఒక గొణుగుడు. ఫోను తీసుకుని కామెంట్లు చూశాను. "మేడమ్ వాయిస్ వస్తలేదు." "మేడమ్ మైక్ చూస్కోండి." "మేడమ్?" మొదటి పది నిమిషాల్లోనే అవన్నీ వచ్చాయి. తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరిదాకా ఉన్నది మా ఆడబిడ్డ ఒక్కతే.

టీవీ బల్ల మీద తనిఖీ కాగితం ఉంది. ఒకటి, బొమ్మ, టిక్కు. ఐదు, ఆట శబ్దం, టిక్కు. ఆరు, వాయిస్. దానికి టిక్కు లేదు. పక్కన చక్కటి అక్షరాలతో "నాట్ రిక్వైర్డ్" అని రాసి ఉంది. కింద సంతకం, శనివారం తేదీ.

"మీకు నిన్ననే ఎరుక" అన్నాను.

"రాకుంటే వచ్చిందని టిక్కు పెట్టాల్నా?"

"నాకు చెప్పాలె."

"కాగితం బల్ల మీదనే ఉన్నది గద. నేను దాసిపెట్టిన్నా?" అని గొంతు తగ్గించి, "చుట్టాలంత చూస్తరు. నువ్వు తిట్టుడు షురూ చేస్తే ఆగవు. బొమ్మ చాలదా?" అన్నాడు.

పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి కంట్రోలర్ మైకు బెజ్జంలో బిగుసుకున్న గంధం గీకాను. పసుపు పొడి ఒళ్లో రాలింది. అత్తమ్మ పక్కనే కూర్చుని, "అయ్యో బిడ్డా, నేను పెట్టిందేనా?" అంటే, "నువ్వు పెట్టింది తీస్తే పోయింది అత్తమ్మా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థమైనవాడు పేపరు తిప్పుతున్నాడు.

మరుసటి ఆదివారం మళ్లీ చేశాను. గొంతు చక్కగా వచ్చింది. పాత విద్యార్థులు నలుగురు వచ్చారు. అదే కోట, అదే కొట్టు, అదే తాళం. కానీ ఒక్కో వాక్యం గుర్తు తెచ్చుకుని అప్పజెప్పాను. ఏటేటా అదే పాఠం పందొమ్మిదిసార్లు చెప్పినదాన్ని, ఇది మాత్రం రెండోసారి రాలేదు. "బాగుంది మేడమ్" అన్నారు. ఆ మాట పిల్లలు ఎప్పుడు అంటారో నాకు తెలియనిది కాదు.

ఆ కాగితం ఇంకా టీవీ బల్ల మీదే ఉంది. నేను తీయలేదు, ఆయనా తీయలేదు. దుమ్ము తుడిచేటప్పుడు దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెడుతున్నాను.