నిమ్మరసం తాగిన జర్మన్ కత్తి

నిన్న కరామాలో మనోళ్ళ టీ కొట్టు దగ్గర గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాను. మధ్యవేలు మడతపడక గ్లాసు జారి చెప్పుల మీద పడింది. "ఏమైందన్నా చేతికి?" అన్నాడు పక్కనున్నవాడు. "జర్మనోళ్ళతోటి యుద్ధం చేసిన" అన్నాను. వాడు నవ్వాడు. నేను చెప్పింది ముప్పావు నిజం.

ఆ జర్మనోడు మా బావ కొన్న వేట కత్తి. కరోనా సద్దుమణిగిన ఏడాది మేమిద్దరం ఇక్కడే అల్ వర్సాన్‌లో, వేట సామాన్లు అమ్మే అరబ్బు షాపు వాళ్ళ గోదాంలో పెట్టెలు కట్టేవాళ్ళం. దుర్బిన్లు, గుడారాలు, డేగలకు తొడిగే టోపీలు ఎన్ని వచ్చినా బావ కళ్ళు ఆ కత్తి దగ్గరే ఆగేవి. అరచేతికి గరుగ్గా అతుక్కునే జింక కొమ్ము పిడి, జానెడు అలుగు మీద ఆకుల చెక్కడం. తోలు ఒర వాసన చూసి కళ్ళు మూసుకునేవాడు. పెళ్ళిచూపుల్లో మా అక్కను చూసినప్పుడు కూడా ఆ మైమరపు లేదు, నేనే సాక్షి.

వాళ్ళ నాయన మా ఊరి పోచమ్మ ముందు ఒక్క కోతలో యాటపోతును పడేసే మనిషి. ఆయన పోయాక ఆ పని బావకొచ్చింది. మొదటిసారే కోత సగంలో ఆగి, యాట నెత్తురు చిమ్ముతూ జనంలోకి ఉరికింది. ఆరోజు నవ్విన మొహాలను బావ ఒక్కటీ మరిచిపోలేదు. వచ్చే బోనాలకు ఈ కత్తితో పరువు నిలబెట్టుకోవాలని రెండు నెలల జీతం దాని మీద పోశాడు. పెట్టెలో జర్మన్ కాగితమొకటి ఉంది. ఏడో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పిన నేనూ, బడే చూడని బావా దాన్ని భక్తిగా దేవుడి పటం వెనక పెట్టాం.

దసరా నాడు లేబర్ క్యాంపు రూములో డ్రిల్లు, పానాలతో పాటు కత్తికీ పసుపు కుంకుమ పెట్టాం. బావ దానితో నిమ్మకాయ కోసి, దిష్టి పోవాలని అలుగంతా రసం రుద్దాడు. పూజ చేసిన ఆయుధాన్ని తెల్లారేదాకా ముట్టకూడదు కదా, అలాగే వదిలేశాం. పొద్దున చూస్తే అలుగు నిండా నల్లమచ్చలు, తుప్పు. పాతకాలపు ఉక్కుకు పులుపు గిట్టదట. కాగితంలో ఉన్నది ఆ ముక్కేనేమో.

బావ లుంగీ అంచుతో అలుగు రుద్దుతూనే ఉన్నాడు. నేను అప్పుడైనా నోరు మూసుకోవలసింది.

"బావా, గీ కత్తిని జూస్తే యాట మల్ల ఉరుకుతది, పోయినసారి లెక్కనే!"

రూములో మాతో ఉండే ఇద్దరు నవ్వారు. బావ లేచి నా మెడ పట్టి తలను ఇనుప మంచానికి కొట్టాడు. పెదవి పగిలి నోరంతా ఉప్పన. నేను మోకాలితో పొట్టలో కుమ్మాను. మళ్ళీ కొట్టాడు. కత్తి నా కడుపు వైపు రావడం కనిపించింది. పట్టుకోవడానికి అలుగే దొరికింది, ఎడమచేత్తో పట్టుకున్నాను. నొప్పి తర్వాత వచ్చింది, ముందు వినిపించింది పూజ పళ్ళెంలో నెత్తురు టపటప రాలిన చప్పుడే. తుప్పు పట్టినా పదును మాత్రం జర్మనోళ్ళదే.

బావ పిడి వదిలేసి కూలబడ్డాడు. "బామ్మర్దీ, నిన్ను గోస్తినారా..."

అంతలో క్యాంప్ బాస్ తలుపు కొట్టాడు. నిజం చెబితే బావకు జైలు, ఆపైన ఊరికి టికెట్. కాలితో కత్తిని మంచం కిందికి తోశాను.

"క్యా హువా?"

"కద్దూ కాట్ రహా థా సాబ్." పూజకు తెచ్చిన గుమ్మడికాయ చూపించాను.

"ఔర్ హోంట్?" అని నా పగిలిన పెదవి చూపించాడు.

"కద్దూ నే మారా." దెబ్బ కూడా గుమ్మడికాయ మీదకే తోశాను.

పెదవినీ, బావనూ, గుమ్మడికాయనూ చాలాసేపు చూసి, "ఖలాస్, హాస్పిటల్ జావ్" అని వెళ్ళిపోయాడు.

ఆ బోనాలకు యాటను వేరేవాడు కోశాడు. బావ ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఆ కత్తికి నూనె రాస్తాడు, మచ్చ పోదని తెలిసీ. తర్వాత అదే నూనె చేత్తో నా మధ్యవేలు పట్టుకుని వంచి చూస్తాడు. నాకు జోకులొస్తాయి, మింగేస్తాను. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మాన్పుతుంది, కానీ మునుపటిలా మడతపడనివ్వదు.