పదకొండో మాత్ర

ఇస్తానని మాట ఇచ్చిన క్యాసెట్టు ఆయన నాకు ఇవ్వలేదు. చెప్పాపెట్టకుండా ఢిల్లీ ద్వారకలో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళపాటు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కాకపోతే ఇప్పుడు అనేటప్పుడు గొంతు అంత పెద్దగా లేవడం లేదు.

ఆయనంటే మా పై అంతస్తులో ఉండే ఎక్స్‌రే టెక్నీషియను. బందరు మనిషి. ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నన్ను అన్నగారూ అనేవాడు. నేను ఆయన్ని బ్రదర్ అనేవాణ్ణి, మొదట్లో వేళాకోళానికి, తర్వాత అలవాటైపోయి.

నా సంగతి కూడా చెప్పాలి. పదో తరగతితో చదువు ఆగిపోతే ఢిల్లీ వచ్చి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు మోసే దఫ్తరీగా చేరాను. గుమాస్తానయ్యాను. గుమాస్తాగానే రిటైరయ్యాను. ఇంగ్లీషు ఆ ఫైళ్ళలోనే నేర్చుకున్నాను. తాళం మాత్రం తెనాలిలో, ఒక కిటికీ కింద నేర్చుకున్నాను. మా వీధి చివర మృదంగం మాస్టారొకాయన పిల్లలకు పాఠం చెప్పేవారు. నన్ను అరుగు ఎక్కనివ్వలేదు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు, ఇద్దరికీ తెలుసు. కిటికీ కింద నిలబడి తకిట తకధిమి అని తొడ మీద వేసుకుంటూ నేర్చుకున్నాను. ఆ కిటికీకి తొమ్మిది ఊచలు. యాభై ఏళ్ళ తర్వాత అడిగినా తొమ్మిదే. అంత కష్టపడి సంపాదించుకున్న లెక్క కాబట్టి, ఎవరైనా లెక్క తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కథంతా ఆ మంట వల్లే వచ్చింది.

మెట్రో ఇంకా మా సెక్టారు దాకా రాని రోజులు. రిటైరై నాలుగు నెలలయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పైనుంచి ఒకటే మోత. గిటార్లు, డ్రమ్ములు, మధ్యలో ఆర్గను. భోజనం చేసి నడుం వాల్చిన మనిషికి కోపం రాదా? రెండు మాటలు అనేసి వద్దామని మెట్లెక్కాను. సగం ఎక్కేసరికి నా చెయ్యి దానంతట అది తొడ మీద పడింది. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఏడు! మిశ్రచాపు! తెల్లవాళ్ళ పాటలో!

తలుపు తీశాడు. "సౌండు ఎక్కువైందా అన్నగారూ? తగ్గిస్తాను."

"సౌండు సంగతి తర్వాత. ఇది ఏడా, కాదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏడే. ఇన్నేళ్ళలో మీరొక్కరే అడిగారు. లోపలికి రండి."

లోపలికి రండి అన్న మాట సంగీతం దగ్గర నాతో అన్న మొదటి మనిషి ఆయనే. అది నేను మర్చిపోలేదు. మర్చిపోతే ఆరేళ్ళు ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు.

ఆ సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని ఆయనే చెప్పాడు. "రాక్ అంటే గొంతు చించుకోవడమే అనుకుంటారు. ఇది కచేరీలాంటిది అన్నగారూ. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. కూచుని వినాలి." అప్పట్నుంచి ఆదివారాలు చర్చి కాగానే, కుట్టుపూల తువ్వాలులో క్యాసెట్లు చుట్టుకుని మా ఇంటికే దిగి వచ్చేవాడు. మాది పెద్ద టేప్‌రికార్డరు, ఆయనది చిన్నది. మా ఆవిడ పెసరట్లు వేసేది. "ఈ గోలకి పెసరట్లు కూడానా" అంటూనే వేసేది. ఐదు, ఏడు, తొమ్మిది. నేను తొడ మీద వేసి చెప్పేవాణ్ణి, ఆయన తల ఊపేవాడు. ఒకే పాటలో ఐదు నుంచి ఏడుకి మారితే ఇద్దరం ఒకేసారి "ఆఁ" అనేవాళ్ళం.

ఒక ఆదివారం అట్ట మీద ఏమీ రాయని క్యాసెట్టు ఒకటి తెచ్చాడు.

"ఎవరిది బ్రదర్?"

"ముందు వినండి. పేరు తర్వాత చెప్తాను."

పాటలో మాటల్లేవు. ఆర్గను, గిటారు, డ్రమ్ము, దూరంగా వినిపించే బేసు. టేపు నిండా గరగర. మొదట నెమ్మదిగా, దారి వెతుక్కుంటున్నట్టు నడిచి, మధ్యలో ఒక చోటకు వచ్చి నిలదొక్కుకుంటుంది. అక్కడ తకధిమి తకిట తకధిమి, పదకొండు. పదకొండు మాత్రలకు ఒక చుట్టు తిరిగే ఆవర్తం అంతకుముందు నేను వినలేదు. ఆ నడక మీద ఆర్గను పైకి ఎక్కుతూ పోతుంటే, కిటికీ కింద నిలబడ్డ పిల్లవాణ్ణి ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి లాగినట్టు అనిపించింది. ఇంతకంటే చెప్పలేను.

నాలుగు ఆదివారాలు అదే విన్నాం. నడక మారే చోట సన్నగా ఒక కూత వినిపించేది, అచ్చం కుక్కరు విజిల్ లాగా. "వీళ్ళ బుర్రే బుర్ర! సరిగ్గా ఇక్కడ పెట్టాలని ఎలా తోచిందయ్యా?" అన్నాను. ఆయన టీ ఒలికేలా నవ్వాడు.

"అంత నచ్చిందా?"

"నచ్చడమేమిటి, నాకు పిచ్చెక్కింది."

"అయితే ఇది మీకే. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి కలిసి విని, ఇచ్చేస్తాను."

ఇదీ మాట. మా ఆవిడ సాక్షి.

ఆ వచ్చే ఆదివారమే, ఆర్గను మాయ కాస్త దిగాక, తప్పు దొరికింది. పదకొండు నాలుగుసార్లు తిరగాలి. మూడుసార్లు బాగానే తిరిగింది. నాలుగోసారి పదకొండో మాత్ర పడకముందే, పదికే, ఆర్గను తర్వాతి దాంట్లోకి దూకేసింది. వెనక్కి తిప్పించాను. మళ్ళీ పదే. మూడోసారి కూడా పదే. నా సంతోషం ఏం చెప్పను! దొంగను పట్టుకున్న పోలీసుకి కూడా అంత ఉండదు.

"ఈ ఆర్గను వాయించినవాడెవడో గానీ ఒక మాత్ర మింగేశాడు బ్రదర్."

"అంత తెలుస్తోందా అన్నగారూ?"

"తెలియకేం! ఇంత బ్యాండు పెట్టుకుని లెక్క రానివాణ్ణి కూచోబెట్టుకోవడమేమిటి? తాగి వాయించాడో ఏమో."

 ఆయన పెసరట్టు ముక్క పళ్ళెంలో అటూ ఇటూ జరిపాడు. తర్వాత లేచి మీట నొక్కి క్యాసెట్టు బయటికి తీశాడు. "టేపు నలుగుతోంది. బాగుచేసి ఇస్తాను" అని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. నెల తిరిగేసరికి పైఇంటికి తాళం. ఘాజియాబాద్‌లో ఏదో ఆసుపత్రిలో చేరి అక్కడి క్వార్టర్సులోకి మారాడని, వాళ్ళ చర్చివాళ్ళు అడ్రసు ఇస్తే తెలిసింది.

నాకు ఉత్తరం రాయడమంటే ఒకటే పద్ధతి వచ్చు. "విషయం: క్యాసెట్టు ఇవ్వకపోవుట గురించి" అని మొదలుపెట్టి, పేరాలకు అంకెలు వేసి రాశాను. జవాబు లేదు. "సూచిక: నా గత ఉత్తరం" అని రిమైండరు పంపాను. మళ్ళీ రిమైండరు. ఆఫీసులో మూడో రిమైండరుకి ఎంతటివాడైనా కదిలేవాడు.

"రాసే బదులు వెళ్ళి తలుపు తట్టొచ్చుగా, ఘాజియాబాదేమన్నా విదేశమా?" అనేది మా ఆవిడ.

"పిలవని ఇంటికి వెళ్ళను."

"ఆయన మీతో మాట మానేశాడా, మీరే మానిపించారా? అది ముందు తేల్చుకోండి."

నేను తేల్చుకోలేదు. ఆ పాటను నేనే వెతికి పట్టుకుంటాను, నీ దయ ఎవడికి కావాలి అనుకున్నాను. పేరు తెలియదు, బ్యాండు తెలియదు, దేశం తెలియదు. తెలిసింది పదకొండు ఒక్కటే. కన్నాట్ ప్లేసు నేల కింద బజారులో ఎంపీత్రీ సీడీలు అమ్మే ఒకాయన దగ్గర నిలబడి, కౌంటరు మీద తకధిమి తకిట తకధిమి వేసి, ఇలా నడిచే రాక్ కావాలన్నాను.

"అంకుల్‌జీ, యే తో కథక్ హై" అన్నాడు, ఇది కథక్ నాట్యం లెక్క కదా అని.

అయినా మంచివాడు, వెనకనుంచి ఏవో తీసి ఇచ్చాడు. ఇంటికెళ్ళి విన్నాను. నాది కాదు. మళ్ళీ వెళ్ళి "ఇస్సే భీ ముష్కిల్ హై క్యా?" అన్నాను. ఇంతకంటే కష్టమైనది ఉందా అని. ఉందన్నాడు. మూడు నెలలు తిరిగేసరికి నన్ను చూడగానే "ఆయియే ముష్కిల్ అంకుల్!" అని కేకేసేవాడు.

అలా ఒక్క పాట కోసం ఎక్కడెక్కడికో పోయాను. ఇటలీ వాళ్ళవి విన్నాను, వాళ్ళది నాటకంలో పద్యంలాగా ఉండేది. జర్మనీ వాళ్ళది ఒకే నడక, అరగంటసేపు మారదు. మొదటిసారి విసుగేసి కట్టేశాను. మూడోసారి, ఎటూ కదలని ఆ నడకలో చిన్నచిన్నవి ఎన్ని మారుతున్నాయో వినపడింది. ఫ్రాన్సులో ఒక గుంపు ఎవరికీ అర్థంకాని, తాము పుట్టించుకున్న భాషలో పాడింది. అరుస్తున్నట్టే ఉంది గానీ లెక్క ఇనుము. ఇంకా అవతల వయొలిన్లు, హార్మోనియం, నాదస్వరం గొంతు బొంగురుపోయినట్టుండే ఊదే వాయిద్యాలు పెట్టుకుని చావింట్లో లాంటి సంగీతం చేసేవాళ్ళున్నారు. అది పెట్టిన రోజు మా ఆవిడ "ఇంట్లో దీపం పెట్టే వేళకి ఇదేమిటండీ" అని చెవులు మూసుకుంది. నేనూ మొదట సౌండు తగ్గించాను. నెలరోజులకి అది లేకపోతే తోచలేదు. గిటార్లను రంపాల్లా ఆడించే కుర్రకారు సంగీతంలో పదిహేడు, పంతొమ్మిది కూడా లెక్కపెట్టాను. నేర్పేవాళ్ళు లేరు. కష్టమైనదాన్ని మూడుసార్లు వినాలి, తిట్టాలనిపిస్తే నాలుగోసారి విని తిట్టాలి. ఇది నేను పెట్టుకున్న నియమం.

అయినా ప్రతి కొత్త సీడీ పెట్టేటప్పుడు ఆశ ఒకటే, ఇదేనేమో అని. ఆర్గను మొదలవగానే నా చూపు ఎదురు కుర్చీ మీదికి పోయేది. "ఆఁ" అనాల్సిన చోట ఒక్కణ్ణే అనేవాణ్ణి.

లక్ష్మీ నగర్‌లో మా బావమరిది కొడుకు కోచింగు చదువుకుంటుంటే చూడ్డానికి వెళ్ళి, అక్కడి ఇంటర్నెట్ షాపులో ఒక చర్చావేదిక కనిపెట్టాను. ప్రపంచంలో ఇలాంటి సంగీతం పిచ్చివాళ్ళంతా అక్కడే ఉన్నారు. "గౌరవనీయులైన అయ్యలారా" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి పాటనంతా వర్ణించాను. పదకొండు, నాలుగోసారి పది, నడక మారే చోట కుక్కరు విజిల్. ఒకాయన కుక్కరు విజిల్ అంటే ఏ సింథసైజరు అని అడిగాడు. ఇంకొకాయన యాభై పేర్లు రాశాడు. యాభై విన్నాను. నాది లేదు.

వాటిల్లో ఒక ముక్క నన్ను పట్టుకుంది. అందులోనూ పదకొండు మాత్రలే, ఆర్గనే. నాలుగుసార్లు తిరుగుతుంది. ఊపిరి బిగపట్టి విన్నాను. నాలుగోసారి పదకొండో మాత్ర ఉన్నచోటే చక్కగా పడింది. తప్పు లేదు. నాకు ఏడుపొచ్చింది. అరవై ఏడేళ్ళ మనిషిని, లెక్క సరిపోయినందుకు కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది పదకొండు కాదు. ఆ ఒక్కచోట ఎవరో మనిషి గుండె ముందుకు తూలి, పదికే దూకేశాడే, అది. అది ఏ దేశంలోనూ దొరకలేదు.

ఆ సాయంత్రమే కార్డు తీసుకున్నాను. విషయం రాయలేదు. సూచిక రాయలేదు. అంకెలు వేయలేదు. "బ్రదర్, ఆ పాట ఇంకొక్కసారి వినాలని ఉంది. తప్పుతో సహా." అంతే రాసి వేశాను.

తొమ్మిదో రోజున కవరు వచ్చింది. మా ఆవిణ్ణే చింపమన్నాను. అందులో ఇలా ఉంది:

"అన్నగారికి, ప్రభువు నామంలో వందనాలు. మీ ఉత్తరాలన్నీ అందాయి. పైన విషయం, సూచిక చూడగానే మెమో వచ్చినట్టు భయమేసి దాచేసేవాణ్ణి. ఈసారి అవి లేవు కాబట్టి రాస్తున్నాను. మీరిక షాపుల్లో వెతకొద్దు. అది ఏ బ్యాండుదీ కాదు. ట్రైనింగు రోజుల్లో గుంటూరు హాస్టల్లో మేం నలుగురం ఒక మధ్యాహ్నం రికార్డు చేసుకున్నది. ఆర్గను వాయించింది నేనే. కుక్కరు విజిలు కుక్కరు విజిలే, గోడ అవతల వంటగది. మీరు మెచ్చుకున్న రోజే చెప్పేద్దామనుకున్నాను. ఇంకో వారం పొగిడించుకుందామని ఆశపడ్డాను, అదీ నా తప్పు. నేను తాగలేదు అన్నగారూ. ఎప్పుడూ తాగలేదు. డ్రమ్ము అతను ఆ చోట కళ్ళతో సైగ చేసేవాడు, ఆ రోజు తల దించుకున్నాడు, నేను తొందరపడ్డాను. లెక్క మీదే రైటు. ఆ మాట రాయడానికి రెండేళ్ళు కోపం అడ్డొచ్చింది, మిగతా ఏళ్ళు సిగ్గు అడ్డొచ్చింది. క్యాసెట్టు బూజు పట్టి తెగిపోయింది, ఇస్తానన్నది ఇవ్వలేను. పాట మాత్రం చేతుల్లో ఉంది. ఆ నాలుగోసారికి ఇప్పటికీ పదికే దూకుతున్నాను. ఆదివారం పన్నెండున్నరకి చర్చి నుంచి వచ్చేస్తాను. వదినగారిని కూడా తీసుకుని మా ఇంటికి రండి. మీరు ఎదురుగా కూచుని తొడ మీద వేయండి, నేను వాయిస్తాను."