నా కథ ఆఖరి పేజీ

ఆ రోజుల్లో ఒడిశాలోని మా రాయగడలో తెలుగు వారపత్రిక చదవడమంటే వరసలో నిలబడడమే. విజయనగరం నుంచి రైల్లో వచ్చే ఒక్క పత్రిక మా బంధువుల ఏడిళ్లూ తిరగాలి. అట్ట మీద మామయ్య నీలం పెన్సిలుతో ఏడు పేర్లు రాసేవాడు. చదివినవాళ్లు తమ పేరు కొట్టేసి పక్కింటికి పంపాలి. మొదటి పేరు ఆయనది, ఏడోది నాది. (నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కొత్త కోడలికి అయిదో స్థానం ఇచ్చారు. నేను మరిచిపోలేదు.) నాకు చేరేసరికి గళ్లనుడికట్టు నిండిపోయి, సీరియల్ మీద పసుపు మరకలు పడి, అంచుల్లో "ఈ హీరోకి బుద్ధి లేదు" వంటి మామయ్య అభిప్రాయాలు ఉండేవి.

అందుకే, ఊళ్లోకి ఇంటర్నెట్ సెంటర్ వచ్చిన కొత్తలో ఒక వెబ్ పత్రిక నా కథ వేసుకుందని తెలిసినప్పుడు నేల మీద నిలవలేకపోయాను. దానికి వరసలుండవు, ఏడో స్థానాలుండవు. పరుగున మామయ్య కొట్టుకి వెళ్లాను.

"అచ్చయిందా? ఏదీ, తే."

"కంప్యూటర్లో ఉంది మామయ్యా."

"కంప్యూటర్లో ఉంటే అచ్చయినట్టేటిరా? నా సేతిలో పెట్టు, సదువుతాను."

ఆయన చదివి బాగుందనాలి. నాకు కావలసింది అదొక్కటే. (చిన్నప్పుడు నా పద్యం విని "కొట్లో కూకో, పనికొస్తావు" అన్న మనిషాయన.) సెంటర్లో ప్రింటు తీయించాను. ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు. అయిదు పేజీల నిండా చిన్న చిన్న చదరపు డబ్బాలు పడ్డాయి. ఆపరేటరు ఒడియా ఆయన. మా లిపి అలాగే ఉంటుంది కాబోలనుకుని, చక్కగా పిన్ను కొట్టి, కవర్లో పెట్టి ఇచ్చాడు. నేను విప్పి చూడకుండానే మామయ్య చేతిలో పెట్టాను.

"ఏటిరా ఇది? కత తెమ్మంటే ఊళ్లో కిటికీలన్నీ గీసి తెచ్చేవేటి?"

అత్తయ్య తొంగి చూసింది. "ఓలమ్మ, ఎంత పెద్ద గళ్లనుడికట్టో! ఆధారాలేవిరా?"

కొట్లో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

పట్టుదలకొద్దీ, చిత్తుప్రతి చూసి కథంతా చేత్తో రాసి, ఆ వారం పత్రికకి జతచేసి మామయ్యకిచ్చాను. (వెబ్‌లో భద్రంగా ఉంది కదా అని చిత్తుప్రతి పారేశాను.) మూడు వారాలకి అది నా దగ్గరికి తిరిగొచ్చింది. నా కథకి కూడా నేను ఏడోవాణ్ణే! మొదటి పేజీ అంచున నీలం పెన్సిలుతో ఉంది: "ముందంతా సాగదీసేడు. ముగింపు మాత్రం బాగుంది." గుండె ఉప్పొంగింది. ఆ ముగింపు నేనూ ఒకసారి చూసుకుందామని తిప్పితే, ఆఖరి పేజీ లేదు. మధ్యలో అయిదిళ్లవాళ్లు ముగింపు లేకుండానే చదివి పేర్లు కొట్టేశారు. ఒక్కరూ అడగలేదు!

"ఆ కాయితమా? పోపుల డబ్బా అడుగున ఏసేన్రా," అంది అత్తయ్య. "సగమే రాసుంది కదా, పనికిరాదనుకున్నాను."

తీసి చూస్తే అక్షరాలన్నీ పసుపులో కలిసిపోయాయి.

ఇప్పుడు ఫోన్లో ఎన్ని పత్రికలైనా చదువుతాను. నా ముందు ఎవరూ లేరు, అంచున రాసేవాళ్లూ లేరు. ఆ వెబ్ పత్రిక ఎప్పుడో మాయమైంది. లింకు నొక్కితే తెల్లటి తెర. మావాళ్లలో ముగింపు చదివిన ఒకే ఒక్క మనిషి మామయ్య, ఆయనా లేడు. కథ ఎలా ముగించానో నాకే గుర్తులేదు. (అవమానాలకి పోగా నా బుర్రలో చోటు తక్కువ.) బాగానే ఉండి ఉంటుంది. నీలం పెన్సిలుతో రాసి ఉంది కదా.