చర్చిలో పత్తి, సముద్రంలో తుఫాను

ఆ రోజుల్లో మా ఊళ్లో వాన సంగతి ఆకాశాన్ని చూసి కాదు, నన్నడిగి తెలుసుకునేవాళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, తీరిక మాత్రం దండిగా ఉంది. బంగాళాఖాతంలో మబ్బు కదిలితే చాలు, ఫోన్‌లో రంగురంగుల పటాలు తెరిచి ఊరి వాట్సాప్ గ్రూపులో తీర్పు చెప్పేసేవాడిని. ఒకటి రెండుసార్లు చెప్పినట్టే పడింది (పడనివి ఎవరికీ గుర్తులేవు, ముఖ్యంగా నాకు). దాంతో నా పేరు పోయి ‘వాయుగుండం’ మిగిలింది. పర్చూరు బస్సు కండక్టరు కూడా అలాగే పిలిచేవాడు. నేను లోలోపల మురిసిపోయేవాడిని.

ఆ డిసెంబరులో నిజం వాయుగుండమే పుట్టింది. నెల్లూరు వైపు పోతుందని ఒక యాప్, మచిలీపట్నం వైపని ఇంకో యాప్. ఆ రెండు ఊళ్ల మధ్య ఎంత నేల ఉందో, ఎన్ని మిరపతోటలు ఉన్నాయో యాప్‌లకేం పట్టింది? అప్పుడు వచ్చింది మా పెద్దమ్మ. పెదనాన్న పోయాక కౌలుకు తీసుకున్న పత్తి చేనే ఆమెకు ఆధారం. చేను సగం తెల్లగా విచ్చుకుంది, మిగతా కాయలు అప్పుడప్పుడే పగులుతున్నాయి. వాటినీ ఇప్పుడే తీసేస్తే పచ్చి దూది. ఆగితే, వాన కొడితే, అంతా నల్లబడిపోతుంది.

“ఒరేయ్, టీవీవోళ్లు అక్కడక్కడ పడుద్దంటున్నారు. అందులో నా చేనుందో లేదో నువ్వు చెప్పు. నీ మాట మీదే తీయిస్తా” అంది.

తెలియదు అని కూడా జవాబు చెప్పవచ్చని ఆ వయసులో నాకు తట్టలేదు. ఇవాళే తీయించమన్నాను. అన్న మరుక్షణం నుంచి అన్నం కూడా ముట్టకుండా పటాలు తిరగేస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మను చూసి వీధి వీధంతా చేలల్లో పడింది. పచ్చిగా ఉన్న దూదిని బస్తాల్లో కుక్కితే పాడవుతుంది, ఆరబోద్దామంటే ఇళ్లన్నీ కారేవే. పాస్టరుగారు చర్చి తలుపులు తెరిచారు. సాయంత్రానికి బల్లలన్నీ గోడకు చేరాయి, ఎవరి కుప్ప వాళ్లు పోసుకున్నారు, పత్తి ప్రసంగ వేదిక దాకా పాకింది. తెల్లారి లేచి చూద్దును కదా, మే నెల ఎండ. మర్నాడూ అంతే. తుఫాను సముద్రంలో నిలబడిపోయింది. నేను టీ కొట్టు వైపు పోవడం మానేశాను. పోనవసరం లేకుండానే అక్కడి మాటలు మా ఇంటికి వినపడుతున్నాయి.

ఆదివారం కుప్పల మధ్య సందుల్లో కూర్చుని అందరం తుమ్ముతూ ఆరాధన చేశాం. తుఫానును దారి మళ్లించమని పాస్టరుగారు ప్రార్థించారు. చర్చంతా ఆమెన్ అంది. నేను తల వంచుకుని పక్క కుప్పలో దూది గిల్లుతున్నాను. వస్తే ఊరికి నష్టం, రాకపోతే నా పని సరి. పక్కనున్న పెద్దమ్మ నా డొక్కలో మోచేత్తో ఒక్కటిచ్చాక అన్నాను, నీరసంగా.

రెండో పాట సగంలో ఉండగా గాలి వచ్చింది. తలుపులు గోడకేసి కొట్టుకున్నాయి, పత్తి పైకి లేచింది. క్రిస్మస్‌కు కట్టే బొమ్మల పశువుల పాక మీద చిటికెడు దూది అంటించి మంచు అని మురిసే పిల్లలకు ఒక్కసారిగా పైకప్పు నుంచి మంచు కురిసింది. వాళ్లు గంతులు. పెద్దవాళ్లేమో ఎవరి కుప్ప మీద వాళ్లు బోర్లా పడ్డారు. పాస్టరుగారు తెల్ల అంగీతో వేదిక దగ్గర కుప్పను కావలించుకుని పడుకున్నారు (అది ఎవరి పత్తో ఆయనకూ తెలియదు). నేను పెద్దమ్మ కుప్పకు రెండోవైపు పడ్డాను. అప్పుడు దబదబా వాన. చేలల్లో నిలవబోయే నీళ్లు తలుచుకుంటే భయమేసింది, ఒంటికింద పొడి పత్తి తగులుతుంటే ఏడుపొచ్చింది.

“ఎప్పుడు తగ్గుద్దిరా?” అంది పెద్దమ్మ, నోట్లోంచి దూది తీసుకుంటూ.

ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. “తెలీదు పెద్దమ్మా” అన్నాను. ఆమె అంత నవ్వు నవ్వడం పెదనాన్న పోయాక అదే మొదలు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఆ పటాలే. నా బిరుదు ఎటో పోయింది, నేను బడిపంతులునై అద్దంకిలో ఉంటున్నాను. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ కౌలు వదిలేసింది, ఆమెకిప్పుడు తడవడానికి పత్తి లేదు. అయినా డిసెంబరులో మబ్బు పడితే టీవీ వార్తలన్నీ వినేసి నాకు ఫోన్ చేస్తుంది, నువ్వేమంటావురా అని. ఏదో ఒకటి చెబుతాను. చెప్పాక, అది జరిగేదాకా, ఈ వయసులో కూడా నాకు అన్నం సహించదు.