దీపం వెలిగింది, వినపడలేదు

మా కాక పోయాడని పోయిన నెల ఆయన కొడుకు, మా తమ్ముడు, ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండు," అన్నాడు. "బాపు పోయిండు" అని నా నోరు దానంతటదే తిరిగి చెప్పింది. విన్నమాట తిరిగి చెప్పడం మా కాక నేర్పిన అలవాటు. ఆ ఒక్కసారి దాని మీద కోపం వచ్చింది.

కాక మా నాన్నకు తమ్ముడు. టేకుమట్లలో పుట్టి, ఎక్కడో దూరాన ఒక అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసి, రిటైరయ్యాక భూపాలపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. దుకాణానికి పంపినా సరే, "ఏం దెమ్మన్న?" అని అడిగి, మళ్లీ చెప్పేదాకా గడప దాటనిచ్చేవాడు కాదు. "ఉప్పు గాదు, బాంబు దెమ్మన్నట్టు జేస్తడు మీ కాక," అని చిన్నమ్మ నవ్వేది.

ప్రమాదం వస్తే చుట్టూ ఉన్న ఊళ్లను హెచ్చరించే సైరన్లు ఉంటాయి కదా, వాటిని పరీక్షించడం ఆయన పని. మీట నొక్కితే ఆఫీసులో పచ్చదీపం వెలుగుతుంది. మిగతావాళ్లు దీపం చూసి "బాగుంది" అని రాసేసేవాళ్లు. కాక మాత్రం సైరన్ స్తంభం కింద చాయ్ అమ్మే అవ్వకు ఫోన్ చేసి అడిగేవాడు. ఒకసారి ఆమె, "ఏం ఇనపళ్లే కొడుకా," అంది. కాక చెప్పేటప్పుడు ఆ పరాయి రాష్ట్రపు అవ్వ కూడా మన యాసే మాట్లాడేది.

మర్నాడు తనిఖీ ఉంది. దీపం వెలిగింది కాబట్టి బాగుందని రాయమన్నాడు పై అధికారి. కాక రిజిస్టరులో ఇలా రాశాడు: "దీపం వెలిగింది. ఊళ్లో వినపడలేదు." తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ పేజీయే చూపించాడు. వాళ్లు వెళ్లి చూస్తే స్తంభం మీద తీగ తెగి ఉంది. సైరన్ బాగుపడింది గానీ, కాకను సామాన్ల గోదాముకు మార్చారు. రావలసిన ప్రమోషన్ ఇక రాలేదు.

"గా ముక్క రాయకపోతే ఏం పోతుండె?" అని చిన్నమ్మ ఎన్నిసార్లు దెప్పిందో.

"గా చాయ్ అవ్వ పోతుండె," అనేవాడు కాక.

చివరి వారం ఒక రాత్రి దవాఖానలో ఆయన దగ్గర నేనున్నాను. మంచం పక్కనున్న మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. "నర్సమ్మల తాన గంట మోగుతున్నదా? జర ఇనిరా బిడ్డా," అన్నాడు. నాకు నిద్రలేక ఒళ్లు తూలుతోంది. తలుపు దాకా వెళ్లి, నర్సుల బల్ల దాకా పోకుండానే వెనక్కొచ్చి, "మోగుతున్నది కాకా," అన్నాను. ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. మళ్లీ అడగలేదు. నా మాట నమ్మాడు.

ఆయన ప్రాణం ఆ గంట వల్ల పోలేదు. పోయేటప్పుడు చిన్నమ్మ చేయి పట్టుకునే ఉంది. అయినా ఆ అబద్ధం నన్ను అన్నం తిననివ్వలేదు.

దినాలు అయిన మర్నాడు దవాఖానకు వెళ్లాను. ఆ మంచం మీద ఒక ముసలవ్వ ఉంది. మీట నొక్కమని ఆమెకు చెప్పి, నర్సుల బల్ల దగ్గరికెళ్లి నిలబడ్డాను. చప్పుడు లేదు. కాగితం అడిగి, "దీపం వెలిగింది. వినపడలేదు," అని రాసి సంతకం పెట్టాను.

"మీ పేషంట్ లేడు గదమ్మా, ఇంక మీకెందుకు?" అంది నర్సు.

బాగుచేసేదాకా కదలనని బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రానికి కరెంటు మనిషి వచ్చాడు. అవ్వను మళ్లీ నొక్కమన్నాను. బల్ల మీద గంట గణగణ మోగింది.

"ఇనపడ్డదా బిడ్డా?" అని లోపలి నుంచి కేకేసింది అవ్వ.

"ఇనపడ్డదవ్వా!"

ఆమెకు నమ్మకం కుదరలేదేమో, ఇంకోసారి నొక్కింది. నేను కళ్లు తుడుచుకుంటూ అక్కడే నిలబడి విన్నాను.